చిన్నాన్న వలకర్ర

సకారిస్ చిన్నాన్నకు పక్షులు పట్టడం రాదని మా ద్వీపంలో నలభై ఏళ్లపాటు ఎవరూ అనలేదు. ఆ తర్వాత ఒక్కరోజులో ఊరంతా అన్నది. అనేలా చేసింది నేను. ఆ సంగతి ఇప్పుడు చెప్పడానికి కూడా నాకు ముఖం చెల్లడం లేదు. కానీ ఆయన గురించి రాయాలంటే ఇది దాటేసి రాయడం నావల్ల కాదు.

ఆయన మా నాన్నకు తమ్ముడు. నాన్న సముద్రంలో పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. ఆనాటి నుంచి మా ఇంటికి గొర్రెమాంసం, ఎండుచేప, బంగాళాదుంపలు మోసుకొచ్చి గుమ్మంలో పడేసింది చిన్నాన్నే. అమ్మ కృతజ్ఞతలు చెప్పబోతే వినకుండా వెళ్లిపోయేవాడు. పొట్టి మనిషి, దొడ్డికాళ్లు. ఉన్ని టోపీ నిద్రలో కూడా తీయడని ఎల్స్‌పా పిన్ని ఎగతాళి చేసేది. చర్చిలో పాట అందరికంటే ఒక మాట వెనకగా పాడేవాడు. ఎవరైనా నవ్వితే, దేవుడికి తొందరేముంది అనేవాడు. పడవ ఎక్కితే వాంతులు. ఫేరో దీవుల్లో పుట్టి పడవ పడని మనిషికి పిల్లనెలా ఇచ్చారో అని మోర్టన్ ఆయన్ని ముసలితనం వచ్చేదాకా ఆటపట్టిస్తూనే ఉన్నాడు. మోర్టన్ చిన్నాన్న ఈడువాడు, పక్షులు పట్టడంలో ఆయనకు జోడీ.

పడవ పడని చిన్నాన్నకు కొండచరియ పడింది. మా చరియ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతుంది. పైన గడ్డి, గడ్డిలో బొరియలు, బొరియల్లో లుండి పక్షులు. బొద్దుగా, నలుపూ తెలుపూ, ఎర్రటి లావుపాటి ముక్కు. లోకం వాటిని పఫిన్లని పిలిచి బొమ్మలు గోడకు తగిలించుకుంటుంది. మేం వండుకుంటాం.

వాటిని పట్టేది వలకర్రతో. రెండు నిలువుల పొడవుంటుంది, చివర రెండు పుల్లల మధ్య వల కట్టి ఉంటుంది. సముద్రం మీంచి గాలి వీచే రోజున చరియ అంచున కూర్చుని, పక్కనుంచి దాటిపోయే పక్షికి వెనకగా వల ఎత్తాలి. ముందు నుంచి ఎత్తితే పక్షి తప్పుకుంటుంది, తూలేది మనం. కూర్చునే చోట్లు మొత్తం ఐదు. వాటిని గద్దెలంటాం. అన్నిటికంటే పై గద్దె చిన్నాన్నది, అంతకుముందు మా తాతది. ఆ గద్దె మీద కూర్చోవడమంటే ఊళ్లో ఒక మాట చెబితే నలుగురూ వింటారన్నమాట.

లుండిల్లో రెండు రకాలు. గాలిలో ఊరికే గిరికీలు కొట్టేవి తిరుగుబోతులు. వాటికి గూడు లేదు, పిల్ల లేదు, అవి మన కుండలోకే. ముక్కులో సన్నటి వెండి చేపల్ని అడ్డంగా కరుచుకుని సూటిగా బొరియకు వచ్చేది మేతపక్షి. దానికి లోపల ఒకే ఒక్క పిల్ల ఉంటుంది. దాని మీదకు వల ఎత్తకూడదు. ఈ కట్టుబాటు ఏ కాగితం మీదా లేదు, అయినా తప్పినవాడిని నేను వినలేదు. మేతపక్షిని పోల్చుకోలేని రోజున మనిషి తన కర్ర తానే దించుకోవాలి, ఎవరూ అడిగేదాకా ఉండకూడదు.

నాకు పక్షులు పట్టడం నేర్పినప్పుడు చిన్నాన్న మొదటి వేసవంతా కర్ర ముట్టుకోనివ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చే ప్రతి పక్షినీ ‘మేత’, ‘తిరుగుబోతు’ అని చెప్పమనేవాడు. తప్పు చెబితే టోపీ తీసి నెత్తిన కొట్టేవాడు. ఆయన బట్టతల నేను చూసింది అప్పుడే. వేసవి ఆఖరుకు గవ్వంత కనిపించే దూరంలో ఉన్న పక్షిని కూడా తప్పు చెప్పకుండా చెప్పగలిగాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదనడానికే ఇదంతా రాస్తున్నాను.

నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చిన ఏడాది, జులై మొదటివారం. చిన్నాన్న కూతురు బిరిటా పెళ్లి. అరవై మంది అతిథులకు మనిషికొక పక్షి పెట్టాలని పిన్ని పట్టుబట్టింది. తోడబుట్టిన చెల్లెలు లేని నాకు బిరిటాయే చెల్లెలు, పక్షులు తేవడం నా బాధ్యత అనుకున్నాను. ఆ వారమంతా గాలి సరిగా లేదు. చిన్నాన్న చూపూ సరిగా లేదు. ఎండ కాస్తుంటే, ఈ ఏడు మంచు ఎక్కువగా పడుతోందిరా అనేవాడు. ఆయన పైన అంచు దగ్గర కూర్చున్నప్పుడు ఒక కన్నేసి ఉంచమని పిన్ని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అంటే ఆ చూపు సంగతి తెలిసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పెళ్లికి రెండు రోజులుందనగా ముగ్గురం ఎక్కాం. పై గద్దె మీద చిన్నాన్న, కింది గద్దె మీద నేను, ఉత్తరం వైపు మోర్టన్. మధ్యాహ్నానికి నా దగ్గర ఎనిమిది పక్షులున్నాయి. మోర్టన్ తిండి మూట విప్పడానికి వచ్చి నా పక్షుల్ని కాలితో కదిపి, వల ఆరేసుకోవడానికి తెచ్చావా అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. సాయంత్రానికి ముప్పై లేకపోతే నా పేరు మార్చి పిలవమన్నాను. చిన్నాన్న పైనుంచి విని నవ్వాడు.

నాలుగు గంటలకు గాలి పడిపోయింది. అప్పటికి పద్నాలుగు. తిరుగుబోతులన్నీ వెళ్లి నీళ్ల మీద వాలాయి. వస్తున్నవి ఒక్క మేతపక్షులే. పిల్లలకు ఆకలి కదా, అవి గాలి కోసం ఆగవు. సూటిగా, తక్కువ ఎత్తులో, రెక్కలు ఆడిస్తూ నా మోకాళ్ల ముందు నుంచే వెళ్తున్నాయి. పట్టడం చంటిపిల్లాడికి కూడా వస్తుంది.

మొదటిది పొరపాటున పడిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. పొరపాటు కాదు. ముక్కులో చేపలు చూసే వల ఎత్తాను. వలలో తన్నుకునేటప్పుడు చేపలు గడ్డి మీద రాలాయి. బూటు కొనతో వాటిని అంచు దాకా తోసి కిందకు నెట్టాను. పక్షి మెడ తిప్పాను. ఆ తర్వాత ఆరు. వలకు అంటిన పొలుసులు గడ్డితో తుడిచాను. ఇంత చేసినా ఇరవై ఒకటే అయ్యాయి, ముప్పై కాలేదు.

మా దగ్గర ఎవరి పక్షులు వాళ్లు మోసుకుపోవడం ఉండదు. అన్నీ ఒకే గోతంలో వేసి తాడుతో దారి దాకా దించుతాం. గోతం మూతి కడుతుంటే చిన్నాన్న నావెన్నో అడిగాడు, చెప్పాను.

“గాలి లేకుండానే?” అన్నాడు.

అవునన్నాను. ఆయన నా ముఖం వైపు, నా ముఖానికి కొంచెం పక్కగా, కాసేపు చూశాడు. మీ తాత చెయ్యి వచ్చింది నీకు అన్నాడు. నేను గోతం మూతికి ఇంకో ముడి వేశాను.

మర్నాడు పొద్దున పిన్ని వంటింట్లో ఈకలు పీకుడు. పిన్ని, మోర్టన్ భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. బల్ల మీద పెద్ద గిన్నెలో పిండి, పంచదార, గుడ్లు, వెన్న, ఎండుద్రాక్ష కలిపి ఉంది. ఈకలు పీకి, మంట మీద కాల్చి, కడుపు శుభ్రం చేసి, అందులో ఈ తీపిపిండి కూరి, దారంతో కుట్టి ఉడకబెట్టడం మా పద్ధతి. పక్షి మాంసం ఉప్పుగా, సముద్రపు వాసనతో ఉంటే లోపలిది కేకులా ఉంటుంది. పిన్ని చేత్తో కూరిన పక్షికి ఊళ్లో పేరుంది. మగవాళ్లం ముగ్గురం కాఫీ తాగుతూ ఉన్నాం.

పిన్ని చెయ్యి ఆగింది. ఒళ్లో పక్షిని వెల్లకిలా తిప్పింది. పొట్ట మీద, రెక్కల కింద, రెండు వైపులా బొటనవేలంత మేర ఈకల్లేని చర్మం కనిపించింది. గుడ్డును వెచ్చగా పొదగడానికి పక్షి అక్కడ ఈకలు రాల్చుకుంటుంది. అది ఉన్న పక్షికి ఇంట్లో పిల్ల ఉన్నట్టే. ఆవిడ దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. కాసేపటికి మోర్టన్ భార్య ఒకటి పక్కన పెట్టింది. కబుర్లు ఆగిపోయాయి. పీకడం అయ్యేసరికి పక్కన ఏడు ఉన్నాయి.

ఒకటీ అరా ఎవరి వలలోనైనా పడుతుంది. ఏడు పడవు. మోర్టన్ గొంతు సవరించుకున్నాడు. ఆయన మాటలో ఎగతాళి లేకపోవడం నేను అదే మొదటిసారి వినడం.

“సకారిస్, కాఫీ బల్ల మీద పోస్తున్నావయ్యా.”

నిజంగానే పోస్తున్నాడు. కప్పు పక్కన నల్లగా మడుగు కట్టి, అంచు నుంచి కిందకు కారుతోంది. అందరూ ఆ కాఫీని చూశారు, తర్వాత చిన్నాన్నను చూశారు. నన్ను ఒక్కరూ చూడలేదు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే నేను భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను. నా వైపు చూసి ఉంటే ఎవరికైనా తెలిసిపోయేది.

చిన్నాన్న కాఫీ పాత్ర నెమ్మదిగా కింద పెట్టాడు. నా వైపు తిరిగాడు.

“హైనీ, నువ్వేమంటావురా?”

తలుపు బార్లా తెరిచి పెట్టినట్టు అడిగాడు. ఒక్కమాట చాలు. చిన్నాన్నా, అవి నావి. మూడు ముక్కలు. మోర్టన్ ముఖం, ఆడవాళ్ల ముఖాలు చూశాను. కింది గద్దె పోతుందనుకున్నాను. ఇంక ఎవరూ నాతో చరియ ఎక్కరనుకున్నాను.

“సాయంత్రం వెలుతురు బాలేదు చిన్నాన్నా. ఎవరికైనా పొరపాటు జరుగుద్ది,” అన్నాను.

దొంగతనంగా పక్షుల్ని పట్టడం కంటే ఆ మాట నీచమైనది. ఆయన మీద జాలి చూపించాను. ఆ జాలి చూసి మోర్టన్ భార్య నన్ను మెచ్చుకోలుగా చూసింది కూడా. చిన్నాన్న తల ఊపాడు. లేచి బయటికి వెళ్లాడు. చూరు కింద పెట్టిన వలకర్ర తెచ్చి, తలుపులో పట్టకపోతే వంచి లోపలికి తీసి, నా చేతిలో పెట్టాడు. తాతగారి కర్ర. పట్టు దగ్గర రెండు తరాల చేతులకు నునుపు తేలింది.

“పై గద్దె ఇక నీదేరా. అంచున కుడికాలి కింద రాయి కదులుతది, చూసుకో,” అన్నాడు.

తీసుకున్నాను. చెయ్యి వణికిందని రాస్తే బాగుండేది. వణకలేదు.

ఆ ఏడింటినీ పిన్ని అతిథులకు పెట్టలేదు. పారేయడం మా ఇళ్లలో లేదు, అందుకని ఇంటివాళ్లం తినాలంది. పెళ్లిలో నేను ఇంటివాణ్ణే. నా పళ్లెంలోకి ఒకటి వచ్చింది. పక్కన ఉడికించిన బంగాళాదుంపలు, రూబర్బ్ అనే పుల్లటి కాడల జామ్. దారం కోసి విప్పితే తీపిపిండి ఆవిర్లు కక్కుతూ బయటికి వచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, రుచిగానే ఉంది. ఎదురుగా కూర్చున్న చిన్నాన్న తన పక్షిని ఎముకలు చీకి మరీ తిన్నాడు. పాటలు మొదలైతే ఎప్పటిలాగే ఒక మాట వెనకగా పాడాడు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు, ముసలాయన కదా అని. ఆ నవ్వకపోవడం ఆయనకు ఎంత కష్టమో నాకు కనిపిస్తూనే ఉంది.

మూడువారాల తర్వాత ఒంటరిగా ఎక్కాను. ఎందుకెక్కానో తెలియదు. కింది గద్దె చుట్టూ ఉన్న బొరియల్లో భుజందాకా చెయ్యి పెట్టి వెతికాను. చాలావాటిలో పిల్లలు ముక్కుతో పొడిచాయి, పొడిచినప్పుడల్లా ప్రాణం లేచివచ్చింది. రెండింటిలో పొడవలేదు. ఒకదాన్ని బయటికి తీశాను. ఒళ్లంతా బూడిదరంగు నూగు, లోపల ఏమీ లేదు, అరచేతిలో బరువే తెలియలేదు. మళ్లీ లోపలే పెట్టేశాను.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. పై గద్దె మీద కూర్చునేవాణ్ణి కాబట్టి ఊళ్లో నా మాట వినడం మొదలుపెట్టారు. ఎప్పుడు పట్టాలో, ఏ ఏడాది పట్టకుండా వదిలేయాలో నన్నడిగేవారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మేతపక్షి గురించి నేనే చెప్పేవాణ్ణి, తేలు కుట్టిన దొంగలా లోపల నొప్పి మింగుకుంటూ. చిన్నాన్న సంగతి వచ్చినప్పుడు పాపం, చూపు పోయిందిగా అనేవారు. నేను అవుననేవాణ్ణి.

కర్ర ఇచ్చిన తర్వాతి వేసవిలో ఆయన కొండ ఎక్కే బూట్లు తలుపు వెనకే ఉండేవి. కొత్తగా కొవ్వు రాసి ఉండేవి. ముసలివాళ్ల అలవాటులే అనుకున్నాను. ఆ శీతాకాలం వచ్చేసరికి అవి అక్కడ లేవు. ఇంకో ఏడాదికి చిన్నాన్నకు వెలుతురూ చీకటీ తప్ప ఏదీ ఆనలేదు.

ప్రతి జులైలోనూ మొదటి పక్షుల్ని వాళ్లింటికే తీసుకెళ్లేవాణ్ణి. గుడ్డివాడయ్యాక పీకడం చిన్నాన్న పనయింది. పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని, ఒళ్లో గోనె పరుచుకుని చెయ్యి చాపేవాడు. నేను పక్షి అందించేవాణ్ణి. ఒక్క ఈక పీకకముందు, ఆయన బొటనవేలు పక్షి రెక్క కిందకు వెళ్లేది. పొట్ట మీద ఈకల్ని పక్కకు తోసి ఎడమవైపు తడిమేది, కుడివైపు తడిమేది. తర్వాతే పీకుడు. ప్రతి పక్షికీ అంతే. దాని గురించి ఒక్కమాట అనేవాడు కాదు. బిరిటా పిల్లల సంగతులు చెప్పేవాడు, గొర్రెల సంగతులు అడిగేవాడు. ఆ వేలు మాత్రం తన పని తాను చేసుకుపోయేది. నేను మింగలేక కక్కలేక కూర్చునేవాణ్ణి. ఆ ఏళ్లన్నిటిలో ఆయన వేలికి ఒక్క మేతపక్షి కూడా తగల్లేదు. అలాంటిది నేను మళ్లీ ఎప్పుడూ పట్టలేదు. అది గొప్పగా చెప్పడం లేదు.

పెళ్లి తర్వాత పదకొండో వేసవిలో ఆయనకు దగ్గు పట్టుకుంది. చేతులు సన్నబడ్డాయి. ఆ రోజు మూడో పక్షి అందిస్తుంటే నా నోటి నుంచి దానంతట అదే వచ్చేసింది.

“చిన్నాన్నా, ఆ ఏడు పక్షులు నావి.”

పొయ్యి దగ్గర పిన్ని చేతిలో గరిటె ఆగింది. చిన్నాన్న పీకడం ఆపలేదు.

“తెలుసురా,” అన్నాడు. “ఆ రోజు నేను పట్టినయి తొమ్మిదే. ముక్కు కంటికి ఆననిదల్లా వదిలేశా. గాలి లేని పొద్దు నువ్వు ఇరవై ఒకటి అన్నప్పుడే తెలుసు.”

మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగాక నా ప్రశ్న నాకే అసహ్యం వేసింది.

“నేనెట్టా చెప్తా? నిన్నడిగానుగా.”

పిన్ని మా వైపు తిరగలేదు. ఆయన చెప్పొద్దన్నారు, లేకపోతే నేను నీ చెవి మెలేసేదాన్ని అని గోడకేసి అంది. ఆవిడకు నేను చెప్పకముందే తెలుసన్నమాట. పదకొండేళ్లు నాకు కాఫీ పోసింది.

చిన్నాన్న ఒళ్లో పక్షిని పూర్తిచేసి పళ్లెంలో పెట్టాడు. చేతులకు అంటిన ఈకలు దులుపుకున్నాడు.

“ఒక ఏడాది చూశా,” అన్నాడు. “బూట్లకి కొవ్వు రాసిపెట్టుకున్నా. నువ్వొచ్చి ఒక్కమాట చెప్తే, ఇంకొక్క వేసవి కూర్చుందామని. ఒక్క వేసవికి సరిపోను చూపు ఉండె నాకు అప్పటికి.”

కోపంగా అనలేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పాడు. నేను ఆయన పేరు ఒక్కటే తీసుకున్నాననుకుంటూ వచ్చాను, పేరైతే ఎప్పుడైనా తిరిగి ఇవ్వొచ్చని లోపల ఎక్కడో ఒక ధైర్యం ఉండేది. ఆ వేసవి ఎక్కడి నుంచి తెచ్చిస్తాను? ఆ జులైలో గాలి బాగా వీచింది కూడా. ఆయన గద్దె మీద కూర్చుని నేను ఒక్కరోజులో నలభై పట్టాను. క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. తల కొట్టేసినట్టు అక్కడే కూర్చున్నాను.

చిన్నాన్న చెయ్యి చాపాడు. గోతంలోంచి ఇంకో పక్షి తీసి అందించాను. దాన్ని వెల్లకిలా ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన బొటనవేలు రెక్క కిందకు వెళ్లి, ఎడమవైపు తడిమింది. తర్వాత కుడివైపు తడిమింది.